అమెరికాలో తొలి ఎలక్ట్రిక్ కార్లు జనంలోకి ఎందుకు వెళ్ళలేకపోయాయి?

ప్రశ్న ఇది: 1900లో అమెరికాలో తయారైన కార్లలో పెట్రోలు బళ్ళకంటే ఎలక్ట్రిక్ బళ్ళే ఎక్కువ. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి అవి ఎలా కనుమరుగయ్యాయి? బ్యాటరీ దూరం చాలకనా, సెల్ఫ్ స్టార్టర్ వచ్చినందువల్లా, చమురు కంపెనీలు తొక్కేశాయా?

ముందు ఆ అంకెను సరిగ్గా చూడాలి. 1900 జనగణన లెక్క ప్రకారం అమెరికాలో తయారైన వాహనాలు 4,192. వాటిలో ఆవిరివి 1,681, ఎలక్ట్రిక్‌వి 1,575, పెట్రోలువి 936. అంటే మొత్తం మార్కెటే నాలుగు వేలు. అవన్నీ నగరాల్లోని డబ్బున్నవాళ్ళ బళ్ళు. ఎలక్ట్రిక్ కారు ఓ వెలుగు వెలిగి ఆరిపోయిందనడం సరికాదు. 1912 ప్రాంతం వరకూ దాని అమ్మకాలు పెరుగుతూనే వచ్చాయి. ఆలోపు పెట్రోలు కారు వందల రెట్లు పెరిగింది. కాబట్టి అసలు ప్రశ్న, ఎలక్ట్రిక్ కారు ధనవంతుల వీధి దాటి బయటికి ఎందుకు రాలేకపోయింది అన్నది.

నా జవాబు సూటిగా చెబుతాను. లోతుగా దిగి మళ్ళీ నిండడం సీసపు బ్యాటరీకి చేతకాని పని, ఆ పనే దానిచేత రోజూ చేయించారు. ఆ పని కొంతైనా సవ్యంగా సాగాలంటే బ్యాటరీ పక్కన తెలిసిన మనిషి ఒకడు ఉండాలి. అలాంటి మనిషి ఉన్న చోట ఎలక్ట్రిక్ బళ్ళు దశాబ్దాలు నడిచాయి, లేని చోట నిలవలేదు. దూరం, ధర, రోడ్లు, స్టార్టర్ అన్నీ ఈ మూలానికి అల్లుకున్నవే.

1910 నాటి ఒక మామూలు కారును లెక్కకు తీసుకుందాం. 40 సెల్లు, 80 వోల్టులు, 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ. అంటే 12 యూనిట్ల కరెంటు (యూనిట్ అంటే వెయ్యి వాట్ అవర్లు). అప్పటి సీసపు బ్యాటరీ కిలోకు 20 నుంచి 25 వాట్ అవర్లు ఇచ్చేది కాబట్టి బ్యాటరీ బరువే 480 నుంచి 600 కిలోలు. మనుషులతో కలిపి బండి బరువు టన్నున్నర అనుకోండి. గట్టి రోడ్డు మీద, గంటకు 30 కిలోమీటర్ల వేగంతో, మోటారు, గేర్ల నష్టాలు కలుపుకుని కిలోమీటరుకు 125 వాట్ అవర్ల దాకా ఖర్చవుతుంది. 12 యూనిట్లకు 95 కిలోమీటర్లు. ఇది కొత్త బ్యాటరీతో, చదును రోడ్డు మీద, మంచి వాతావరణంలో. ఆనాటి ప్రకటనల్లో కనిపించే 80 మైళ్ళ మాట ఇంకా అనువైన పరిస్థితుల్లోది.

ఇప్పుడు నూటికి ఐదు వాలున్న ఎత్తు ఎక్కించండి. లాగాల్సిన బలం మూడున్నర రెట్లవుతుంది, కరెంటూ దాదాపు అంతే పెరుగుతుంది. ఇక్కడే సీసపు బ్యాటరీకి ఒక చెడ్డ గుణం ఉంది: వేగంగా గుంజితే మొత్తంగా ఇచ్చేదే తగ్గిపోతుంది. జర్మనీలో పాయ్‌కెర్ట్ అనే శాస్త్రవేత్త దీన్ని 1897లోనే సూత్రంగా రాశాడు. కరెంటు మూడున్నర రెట్లు చేస్తే 150 ఆంపియర్ అవర్లలో నాలుగో వంతుకు పైగా అందకుండా పోతుంది. బురద రోడ్డు మీదా ఇదే కథ. చక్రం కూరుకునే మట్టిలో రాపిడి గట్టి రోడ్డు కంటే మూడు నాలుగు రెట్లు. దాంతో 95 కిలోమీటర్లు కాస్తా పాతికకు దిగుతాయి. ఆ రోజుల్లో అమెరికాలో ఊరు దాటిన రోడ్లన్నీ దాదాపు మట్టివే. చలికాలంలో సున్నాకు 18 డిగ్రీలు దిగువన బ్యాటరీ సామర్థ్యం సగానికి దగ్గరగా పడిపోతుంది. పైగా పూర్తిగా దిగిపోయిన బ్యాటరీలోని ఆసిడ్ పల్చబడి సున్నాకు 15 డిగ్రీల దిగువనే గడ్డకడుతుంది, గడ్డకడితే ప్లేట్లు, పెట్టె పగులుతాయి. షికాగోలోనో డెట్రాయిట్‌లోనో కారున్నవాళ్ళకు ఇది ఏటా వచ్చే గండం.

పెట్రోలు వైపు చూడండి. లీటరులో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంది. అప్పటి ఇంజను నూటికి 15 వంతులే వాడుకున్నా లీటరుకు 1.35 యూనిట్లు చక్రానికి చేరతాయి. మన బ్యాటరీ 12 యూనిట్లలో చక్రానికి చేరేది 8. అంటే ఆరు లీటర్ల పెట్రోలు, నాలుగున్నర కిలోల బరువు. ఐదువందల కిలోల సీసం చేసే పని ఒక చిన్న డబ్బా చేస్తోంది, డబ్బా ఖాళీ అయితే నింపడానికి మూడు నిమిషాలు చాలు. 1908 అక్టోబరులో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ కారు మొత్తం బరువు సుమారు 540 కిలోలు. ఎలక్ట్రిక్ కారు మోసే బ్యాటరీ ఎంతో, ఆ కారంతా అంతే!

అయినా దూరమొక్కటే కారణమైతే ఊళ్ళో తిరిగే రెండో కారుగానైనా ఎలక్ట్రిక్ నిలబడాలి. వైద్యుడికి, దుకాణాలకు వెళ్ళే ఇల్లాలికి రోజుకు 30 కిలోమీటర్లు చాలు. అక్కడా ఓడిపోవడానికి కారణం ఛార్జింగ్, సంరక్షణ.

సీసపు సెల్ మామూలుగా 2 వోల్టులు ఇస్తుంది. కానీ ఛార్జింగ్ చివర్లో దాన్ని 2.6 వోల్టుల దాకా ఎక్కించాలి. నగరాల నడిబొడ్డున ఇళ్ళకు వచ్చే డీసీ (ఒకే దిశలో పారే) కరెంటు 110 వోల్టులు. 110ని 2.6తో భాగిస్తే 42. ఆ కాలపు కార్లలో 40, 42 సెల్లు అంత తరచుగా కనిపించడానికి కారణం ఇదే, ఆ హద్దు పెట్టింది వీధిలోని కరెంటు లైను. ఛార్జింగ్ మొదట్లో 40 సెల్ల బ్యాటరీ 84 వోల్టుల దగ్గర ఉంటుంది. మిగతా 26 వోల్టులను రియోస్టాట్‌లో, అంటే మీట తిప్పి కరెంటు తగ్గించే నిరోధంలో, వేడిగా తగలెయ్యాలి. 30 ఆంపియర్ల దగ్గర అది 780 వాట్లు, ఒక చిన్న హీటరంత. సెల్లు బుడగలు కక్కడం మొదలుపెట్టగానే కరెంటును 10, 12 ఆంపియర్లకు తగ్గించాలి. తగ్గించకపోతే సెల్ వేడెక్కి 43 డిగ్రీలు దాటుతుంది, బుడగల తాకిడికి పాజిటివ్ ప్లేటు మీద కరెంటు నిలవచేసే సీసపు ముద్ద రాలిపోతుంది. అంటే ఏడెనిమిది గంటల్లో కనీసం రెండుసార్లు ఎవరో వచ్చి మీట తిప్పాలి. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి గది గాలి ఆడాలి, దగ్గర్లో దీపం ఉండకూడదు.

ఇంటికి వచ్చేది ఏసీ (దిశ మారుతూ పారే కరెంటు) అయితే ఇంకో చిక్కు, బ్యాటరీ నిండేది డీసీతోనే. ఏసీని డీసీగా మార్చాలంటే మోటారు, జనరేటరు జంట పెట్టాలి, లేదా పాదరసపు రెక్టిఫయర్ కొనాలి. కూపర్ హ్యూయిట్ 1902లో కనిపెట్టిన పరికరం అది. పెద్ద గాజు బుడ్డిలో పాదరసం ఉంటుంది, బుడ్డిని వంచి ఆర్క్ ముట్టించాలి. మంచి పరికరమే గాని ఖరీదైనది, పైగా గాజు. నగరం పెరిగేకొద్దీ శివార్లకు ఏసీయే వెళ్ళింది, అప్పట్లో దూరానికి డీసీ పంపడం కుదరదు కాబట్టి. కార్లు కొనగల మధ్యతరగతి స్థిరపడింది కూడా ఆ శివార్లలోనే. ఇక పల్లెల సంగతి: 1930ల నడిమికి కూడా అమెరికా రైతుల ఇళ్ళలో పదింట ఒకదానికే కరెంటు. మోడల్ టీ కొన్నది ముఖ్యంగా ఆ రైతులు. వాళ్ళకు ఎలక్ట్రిక్ కారు ఊరికే ఇచ్చినా నడిపే దారి లేదు.

సంరక్షణ గురించి ఈ చరిత్ర రాసేవాళ్ళు ఒక వాక్యంతో దాటేస్తారు. బళ్ళు ఆగిపోయింది మాత్రం అక్కడే. మీ ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ ఉంటే దాన్నే గుర్తు తెచ్చుకోండి. మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోసే ఆరు సెల్లకే నెలల తరబడి బద్ధకిస్తాం. అక్కడ ఉన్నవి నలభై. ఆ కాలపు పద్ధతి ప్రకారం చేయాల్సినవి ఇవి: హైడ్రోమీటరుతో ఆసిడ్ సాంద్రత చూడాలి. నిండినప్పుడు 1.280 దగ్గర, దిగినప్పుడు 1.150 దగ్గర ఉండాలి. ఏ సెల్ అయినా మిగతావాటికంటే తక్కువ చూపితే దాన్ని విడిగా ఎక్కించాలి. ప్లేట్లు మునిగేలా వారం వారం నీళ్ళు పోయాలి, పంపు నీళ్ళు పనికిరావు. వారానికో రెండు వారాలకో ఒకసారి తక్కువ కరెంటుతో గంటల తరబడి అదనపు ఛార్జింగ్ ఇచ్చి సెల్లన్నీ సమం చేయాలి. కొన్ని నెలలకోసారి అడుగున పేరుకున్న సీసపు బురద కడిగించాలి. ఆ బురద ప్లేట్ల కింది అంచును తాకితే సెల్ లోపలే షార్టవుతుంది. కడగడమంటే సీలు కరిగించి, ప్లేట్ల కట్టను బయటికి లాగి, ప్లేట్ల మధ్య అడ్డుపెట్టే చెక్క సెపరేటర్లు మార్చి, కొత్త ఆసిడ్ పోసి మళ్ళీ అతకడం. ఇంత చేసినా రోజూ లోతుగా దించే బ్యాటరీకి పాజిటివ్ ప్లేట్లు రెండేళ్ళు దాటడం కష్టం.

వీటిలో ఏది మరిచిపోయినా ఫలితం ఒకటే. దిగిన బ్యాటరీని వారం పది రోజులు అలాగే వదిలేస్తే ప్లేట్ల మీద సన్నగా ఉండే లెడ్ సల్ఫేట్ గట్టి పలుకులుగా మారిపోతుంది. తర్వాత ఎంత ఎక్కించినా పూర్తిగా కరగదు. యజమాని వేసవికి ఊరెళ్ళి తిరిగొచ్చేసరికి బ్యాటరీలో సగం ప్రాణం పోయి ఉంటుంది. కారు నడపడం ఇంత తేలికని చెప్పి అమ్మిన కంపెనీలు, కారును నిలబెట్టుకోవడం ఎంత కష్టమో చెప్పలేదు. ఇది వాళ్ళు చేసిన అసలు తప్పని నా అభిప్రాయం.

ఈ సంగతి గ్రహించి, యజమానికి బ్యాటరీ బాధ్యతే లేకుండా చేద్దామన్న ప్రయత్నమూ మొదట్లోనే జరిగింది. ఫిలడెల్ఫియాలో మోరిస్, సాలమ్ అనే ఇద్దరు 1894లో ఎలక్ట్రోబాట్ అనే బండి కట్టారు. 1897లో వాళ్ళ సంస్థ న్యూయార్క్ వీధుల్లోకి ఎలక్ట్రిక్ క్యాబులు దించింది. అదే తర్వాత ఎలక్ట్రిక్ వెహికల్ కంపెనీ అయింది. బ్రాడ్‌వే మీది స్టేషన్లో అర టన్ను దాటిన బ్యాటరీ పెట్టెను యంత్రంతో లాగి, నిండిన దాన్ని కొద్ది నిమిషాల్లో తోసేవారు. ఇప్పుడు మనం బ్యాటరీ స్వాపింగ్ అంటున్నది అచ్చంగా ఇదే. ఆలోచన మంచిది, చెడింది అమలు. పెట్టుబడిదారులు అది కుదురుకునేదాకా ఆగకుండా నగరాల వెంట నగరాలకు విస్తరించారు. బ్యాటరీ మనుషులను తయారు చేసుకోకముందే బళ్ళను రోడ్డెక్కించారు. రాళ్ళు పరిచిన వీధుల కుదుపులకు ప్లేట్ల ముద్ద రాలింది, బరువుకు టైర్లు అరిగాయి. మొదట బయటి నగరాల శాఖలు మూతపడ్డాయి, 1907లో కంపెనీయే దివాలా తీసింది. ఆ కంపెనీ చేతిలో చివరికి విలువైనదిగా మిగిలింది సెల్డెన్ పేటెంటు, పెట్రోలు కార్ల మీద రాయల్టీ వసూలు చేసే పేటెంటు. 1911లో ఫోర్డ్ కోర్టులో గెలవడంతో దాని పట్టూ పోయింది.

ఎడిసన్ మరో దారిన వెళ్ళాడు. సీసం వదిలేసి నికెల్, ఇనుము, పొటాష్ ద్రావణంతో సెల్ చేశాడు. మొదటి రకం కారిపోతూ, సామర్థ్యం కోల్పోతూ ఉండడంతో 1904లో వెనక్కి తీసుకున్నాడు, సరిదిద్దిన సెల్ 1909లో వచ్చింది. అది నిజంగా గట్టి సరుకు. దిగినదాన్ని నెలల తరబడి వదిలేసినా చెడదు, ఏళ్ళ తరబడి నిలుస్తుంది. కానీ సెల్‌కు 1.2 వోల్టులే కాబట్టి 60 సెల్లు కావాలి. లోపలి నిరోధం ఎక్కువ, ఎత్తు ఎక్కేటప్పుడు వోల్టేజి జారిపోతుంది. చలికి మరీ నీరసపడుతుంది. పెట్టిన కరెంటులో తిరిగొచ్చేది నూటికి అరవై దాకానే. డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అనే పేరుతో అమ్మిన కారుకు ఈ బ్యాటరీ పెట్టించుకోవాలంటే సుమారు 600 డాలర్లు అదనం. ఆ డబ్బుకు మోడల్ టీ కారే వచ్చేస్తుంది. 1914లో ఫోర్డ్, ఎడిసన్ కలిసి చవక ఎలక్ట్రిక్ కారు తెస్తామన్నారు, అది దుకాణం దాకా రాలేదు.

ధర దగ్గర ఒక విషయం గమనించాలి. 1912లో మామూలు ఎలక్ట్రిక్ రోడ్‌స్టర్ (పైకప్పు లేని చిన్న కారు) సుమారు 1,750 డాలర్లు, పెట్రోలు కారు 650. ఫోర్డ్ 1913లో కదిలే అసెంబ్లీ లైను పెట్టాడు. 1908లో 850 డాలర్లున్న మోడల్ టీ 1916కి 360కి దిగింది. ఎలక్ట్రిక్ కార్లవాళ్ళూ అలాగే చేయవచ్చు కదా అనిపిస్తుంది. అసెంబ్లీ లైను తగ్గించేది కూలి ఖర్చును. అరటన్ను సీసం ధరను ఏ లైనూ తగ్గించలేదు. ఎలక్ట్రిక్ కారు ధరలో పెద్ద ముక్క ఆ సీసమే, అదీ రెండేళ్ళకోసారి మళ్ళీ కొనాల్సిన ముక్క. పైగా ఈ కంపెనీల్లో చాలావరకు గుర్రపుబగ్గీలు కట్టిన వంశం. డెట్రాయిట్ ఎలక్ట్రిక్ చేసింది ఆండర్సన్ క్యారేజ్ కంపెనీ. చేతిపనితో అద్దాల గది లాంటి బాడీలు, లోపల పట్టు కుషన్లు. ధనిక స్త్రీల కారుగా ప్రచారం చేశారు. హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా ఫోర్డే డెట్రాయిట్ ఎలక్ట్రిక్ నడిపేది. ఆ పేరు రావడంతో మగవాళ్ళు దాన్ని తమ కారుగా ఎంచలేదు.

సెల్ఫ్ స్టార్టర్ సంగతికి వస్తాను. 1912 కాడిలాక్ కారులో కెటరింగ్ అనే ఇంజనీరు పెట్టిన ఎలక్ట్రిక్ స్టార్టరే ఎలక్ట్రిక్ కారును చంపిందని అందరూ రాస్తారు. ఖరీదైన కార్ల వరకు అది నిజం. చేత్తో క్రాంకు తిప్పే బాధ పోవడంతో ఎలక్ట్రిక్ కారుకున్న పెద్ద ఆకర్షణ పోయింది. కానీ మోడల్ టీకి ఫ్యాక్టరీ నుంచి స్టార్టర్ వచ్చింది 1919లో. అప్పటికే లక్షల కొద్దీ కార్లు చేతి క్రాంకుతోనే అమ్ముడుపోయాయి. మామూలు జనం చెయ్యి నొప్పిని భరించారు, ధరను భరించలేకపోయారు.

ఆ స్టార్టర్‌లో నాకు ముఖ్యంగా కనిపించేది వేరే విషయం. 6 వోల్టుల బ్యాటరీ నుంచి 150 ఆంపియర్లు ఐదు సెకన్లు లాగారనుకోండి, ఖర్చయ్యేది ఒకటింబావు వాట్ అవరు. 80 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో అది నూటికి పావు వంతు. ఇంజను తిరగగానే డైనమో దాన్ని తిరిగి నింపేస్తుంది. బ్యాటరీ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, సల్ఫేట్ గట్టిపడే అవకాశమే తక్కువ. కొద్ది సెకన్లు పెద్ద కరెంటు ఇచ్చి, మిగతా సమయమంతా నిండుగా కూర్చోవడం సీసపు బ్యాటరీకి బాగా వచ్చిన పని. ఎలక్ట్రిక్ కారు అడిగింది దీనికి తలకిందులైన పని. బ్యాటరీ తయారీదార్లకు స్టార్టర్ మార్కెట్ దొరికాక, చికాకు పెట్టే వాహన బ్యాటరీ మీద శ్రద్ధ పెట్టాల్సిన అవసరం తగ్గిపోయింది.

ఎలక్ట్రిక్ బండి గెలిచిన చోట్లు చూస్తే ఈ విషయం ఇంకా తేటపడుతుంది. న్యూయార్క్, షికాగో లాంటి నగరాల్లో రొట్టెలు, పెద్ద దుకాణాల సరుకులు చేరవేసే ఎలక్ట్రిక్ ట్రక్కులు చాలాకాలం నడిచాయి. రోజూ ఒకే దారి, గడప గడపకూ ఆగడం, రాత్రికి ఒకే గ్యారేజికి చేరడం, అక్కడ బ్యాటరీ చూసే మనిషి. కనెక్టికట్‌లో హార్ట్‌ఫర్డ్ విద్యుత్ కంపెనీ 1910లలో ఇంకో అడుగు వేసింది. ట్రక్కును బ్యాటరీ లేకుండా కొనుక్కోవచ్చు. నిండిన బ్యాటరీ కంపెనీయే ఇస్తుంది, యజమాని నెలకు ఇంత, మైలుకు ఇంత అని కడతాడు. 1924 వరకు ఆ పద్ధతిలో బళ్ళు 60 లక్షల మైళ్ళకు పైగా తిరిగాయి. బ్రిటన్‌లో ఇంటింటికీ పాలు వేసే ఎలక్ట్రిక్ బళ్ళయితే ఇంకా ఎన్నో దశాబ్దాలు నడిచాయి. సీసం మారలేదు, దాన్ని చూసుకునే ఏర్పాటు మారింది.

చమురు కంపెనీల కుట్రకు ఈ కాలంలో నాకు ఆధారం కనబడదు, అవసరమూ కనబడదు. కిరసనాయిలు తీయగా మిగిలే పెట్రోలుకు మొదట గిరాకీయే తక్కువ. 1901 జనవరిలో టెక్సాస్‌లోని స్పిండిల్‌టాప్ చమురు బావి పొంగింది. 1913లో బర్టన్ పద్ధతి వచ్చి అదే ముడిచమురు నుంచి ఇంకా ఎక్కువ పెట్రోలు తీయడం సాధ్యమైంది. డబ్బాలో పోసి పల్లెటూరి కిరాణా కొట్లో కూడా అమ్మగల సరుకు అది. తీగలు అక్కర్లేదు, మనిషి అక్కర్లేదు.

డెట్రాయిట్ ఎలక్ట్రిక్ ఆర్డర్ల మీద ఒక్కో బండి కడుతూ 1939 దాకా లాగింది. మన దగ్గర బెంగళూరులో 2001లో వచ్చిన రేవా కూడా సీసపు బ్యాటరీతోనే మొదలైంది. 6 వోల్టులవి ఎనిమిది, 48 వోల్టులు, కంపెనీ చెప్పిన దూరం 80 కిలోమీటర్లు. పైన మనం 1910 కారుకు కట్టిన లెక్క 95.

లిథియం సెల్ కిలోకు 1910 నాటి సీసానికి ఎన్నో రెట్ల శక్తి మోస్తుందన్నది అందరికీ తెలిసిందే. నా దృష్టిలో అంతే పెద్ద మార్పు, ఇప్పటి కార్లలో ఒక్కో సెల్ వోల్టేజిని, వేడిని కనిపెట్టి చూస్తూ, తక్కువున్న దాన్ని సమం చేస్తూ, ఛార్జింగ్ చివర్లో కరెంటు తానే తగ్గించే ఎలక్ట్రానిక్ బోర్డు. 1912లో గ్యారేజిలో హైడ్రోమీటరు పట్టుకుని నిలబడ్డ మనిషి పని ఇప్పుడు అది చేస్తోంది.